వచ్చీరాని మాటలకే ముద్దు

రెండేళ్ళ పిల్ల చందమామని 'తందమామ' అంటే ఇంటిల్లిపాదీ మురిసిపోతాం. మళ్ళీ మళ్ళీ అనిపించుకుంటాం. చుట్టాలొస్తే వాళ్ళ ముందు నిలబెట్టి మరీ అనిపిస్తాం. అదే పిల్ల పదిహేనేళ్ళు వచ్చాక ఏ తడబాటూ లేకుండా ఒక ఎదురుప్రశ్న వేస్తే 'నోరు లేచింది' అంటాం. ఆడపిల్ల మాట పెరిగేకొద్దీ ఆమె మీద ముద్దు తగ్గిపోవడం మన ఇళ్ళకే పరిమితమైన సంగతి కాదు. దాన్నొక పరిశ్రమగా, ఎగుమతి సరుకుగా పెంచి పోషించిన చోటు ఒకటుంది. అది జపాన్ 'ఐడల్' సంస్కృతి. బయటి దేశాల ఆడపిల్లలు ఆ ఐడల్స్‌కి అభిమానులుగా మొదలై, తామూ ఐడల్స్ కావాలని తమ పడగ్గదుల్లోంచి కెమెరాల ముందుకు వస్తున్నారు. వాళ్ళ గురించి కొన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. నా పరిశోధనాంశం అది కాదు, నేను పని చేసింది స్త్రీల ఆత్మకథల మీద. అయినా ఆ పిల్లలు నన్ను వదల్లేదు. ఎందుకు వదల్లేదో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. ఐడల్ అన్నది జపాన్‌కి బయటినుంచి వచ్చిన మాట. 1963 నాటి ఒక ఫ్రెంచి సినిమా 1964లో జపాన్‌లో 'ఐడల్‌ని వెతకండి' అని అర్థం వచ్చే పేరుతో విడుదలైంది. అందులో పాడిన సిల్వీ వార్తాన్ బల్గేరియాలో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడిన అమ్మాయి. ఆ సినిమాతోనే ఈ మాట జపాన్‌లో వాడుకలోకి వచ్చిందంటారు. 1971లో మొదలైన ఒక టీవీ పోటీ కార్యక్రమం స్కూలు వయసు పిల్లల్ని దేశమంతా చూస్తుండగా ఐడల్స్‌గా తయారుచేసింది.

స్టార్ వేరు, ఐడల్ వేరు. స్టార్ మనకన్నా ఎత్తులో ఉంటుంది. ఐడల్ ఇంకా నేర్చుకుంటూ ఉంటుంది. గొంతు కాస్త వణకాలి, అడుగు కాస్త తడబడాలి, కళ్ళనీళ్ళు పెట్టుకుని మళ్ళీ లేచి ప్రయత్నించాలి. పట్టుదలగా కష్టపడటాన్ని జపనీస్‌లో 'గంబారు' అంటారు. అభిమాని డబ్బు పెట్టి కొనుక్కునేది పాట ఒక్కటే అయితే ఇంత వ్యాపారం జరగదు. ఆ పిల్ల ఎదుగుదలకి తాను ఆసరాగా ఉన్నానన్న తృప్తిని కూడా కొనుక్కుంటాడు. 2005 డిసెంబరులో టోక్యోలోని అకిహబరాలో ఒక చిన్న థియేటర్లో మొదలైన ఏకేబీ48 బృందం ఈ తృప్తికి ధర కట్టింది. సీడీ కొంటే అందులో ఆ పిల్లతో చెయ్యి కలపడానికి టికెట్టు. ఎన్నికల కాలంలో సీడీ కొంటే ఓటు. 2009 నుంచి 2018 దాకా ఏటా ఎన్నికలు పెట్టి ఎవరు ముందు వరసలో నిలబడాలో ఆ ఓట్లతోనే తేల్చారు.

ఇంటర్నెట్ వచ్చాక ఈ వ్యవహారం కంపెనీల గడప దాటింది. 1990ల చివర్లో సొంత హోమ్‌పేజీలు తయారుచేసుకుని ఫొటోలు, డైరీలు పెట్టే అమ్మాయిల్ని జపాన్‌లో 'నెట్ ఐడల్స్' అనడం మొదలుపెట్టారు. 2006 డిసెంబరులో నికోనికో దోగా అనే వీడియో వేదిక వచ్చింది. చూసేవాళ్ళు రాసే వ్యాఖ్యలు ఆడుతున్న బొమ్మ మీదుగానే పరిగెత్తడం దాని ప్రత్యేకత. అక్కడ 'ఒదొత్తే మిత' అనే తరహా ఒకటి స్థిరపడింది. 'డాన్సు చేసి చూశాను' అని దాని అర్థం. 'చేశాను' అనరు, 'చేసి చూశాను' అంటారు. మన తెలుగులోనూ క్రియ పక్కన 'చూడు' చేర్చి సరిగ్గా ఇలాగే అంటాం. ఆ 'చూశాను'లో ఒక వినయం ఉంది, తప్పులుంటే మన్నించమని ముందే చెప్పుకోవడం ఉంది. జపనీస్ నేర్చుకునేటప్పుడు ఈ పోలిక నాకు చాలా సంతోషమిచ్చింది. ఆ వినయం ఎవరి దగ్గర ఎంత వసూలు చేస్తుందో తర్వాత తెలిసింది.

ఈ 'చేసి చూసే' గుంపులోకి విదేశీ పిల్లలు వచ్చారు. అమెరికాలో పెన్సిల్వేనియాకి చెందిన ఒకమ్మాయి మాగిబాన్ అనే పేరుతో 2006 ప్రాంతంలో చిన్న చిన్న వీడియోలు పెట్టేది. తొలినాటి వీడియోల్లో ఆమె దాదాపు ఏమీ మాట్లాడదు. కళ్ళు పెద్దవి చేసి కెమెరాలోకి చూస్తుంది, చివర చెయ్యి ఊపుతుంది. అంతే. ఆ మౌనమే జపాన్‌లో లక్షల మందికి నచ్చింది. 2008లో ఆమె జపాన్ వెళ్ళింది. మరుసటి ఏడాది ఇంగ్లాండ్‌కీ ఐర్లాండ్‌కీ మధ్య సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మాన్ అనే చిన్న ద్వీపం నుంచి పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతె, బెకీ క్రూయల్ అనే పేరుతో, తన గదిలో ఒక జపనీస్ పాటకి డాన్సు చేసిన వీడియో జపాన్‌లో మారుమోగింది. స్కూలు సెలవుల్లో ఆమె టోక్యో వెళ్ళి వేదికలెక్కింది. 2010లో బీబీసీ ఆమె మీద డాక్యుమెంటరీ తీసింది. ఒకరికి మాటే లేదు, మరొకరికి కాళ్ళూ చేతులే మాట.

భాష రాని పిల్లల్ని అంత దూరం నుంచి ఎందుకు అంతగా ప్రేమించారు? నాకు తోచిన సమాధానం ఇది. ఐడల్‌కి ముఖ్యంగా కావలసింది ఒక లోటు, ఇంకా పూర్తికాని తనం. జపాన్‌లో పుట్టిన పిల్ల ఆ లోటుని సాధన చేసి తెచ్చుకోవాలి. విదేశీ పిల్ల దాన్ని పుట్టుకతో వెంట తెచ్చుకుంటుంది. ఆమె నోట ప్రతి మాటా ప్రయత్నమే, ప్రతి పలుకూ 'చేసి చూడటమే'. అందుకే తలుపు అంత సులువుగా తెరుచుకుంటుంది. ఆ లోటు తీరిన నాడు అదే తలుపు ఏమవుతుందన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. 2017లో పరిశోధన పని మీద ఏడాదిపాటు టోక్యో శివార్లలో ఉన్నాను. విదేశీ విద్యార్థినుల హాస్టల్లో నా పక్క గది అమ్మాయి ఇండొనీసియా నుంచి వచ్చింది. జకార్తాలో 2011లో ఏకేబీకి చెల్లెలి బృందంగా జేకేటీ48 మొదలైనప్పుడు ఆమెకి పదిహేనేళ్ళు. అప్పటినుంచీ అదే లోకం. పగలు భాషా పాఠశాల, సాయంత్రం దుకాణంలో పని. విద్యార్థి వీసా మీద వారానికి 28 గంటలకి మించి పని చెయ్యకూడదు. డబ్బు తీసుకుని వేదికెక్కాలంటే వేరే వీసా కావాలి, అది ఇప్పించే కంపెనీ కావాలి. ఆ కంపెనీ కళ్ళలో పడటానికి రాత్రి పదకొండు తర్వాత, బట్టలుతికే గదిలో, మెషీన్ల మధ్య ఫోను నిలబెట్టి డాన్సు చేసి చూసేది. నేను చాలాసార్లు ఆ ఫోను పట్టుకుని నిలబడ్డాను.

ఆమెని చూసి జాలిపడటం తేలిక. కానీ ఆమె జాలిపడే మనిషి కాదు. జకార్తాలో బస్సెక్కినా, మోటారుసైకిలు మీద వెళ్ళినా తన ఒంటి మీద ఎవరి చూపు పడుతోందో లెక్క చూసుకోవాల్సి వచ్చేదట. "గౌను వేసుకుని రిబ్బన్లు కట్టుకుని ఫోను ముందు నిలబడితే నన్ను చూస్తారు, కానీ ముట్టుకోలేరు. ఎంతసేపు చూడాలో కూడా నేనే నిర్ణయిస్తాను," అంది. నేను చదివిన సిద్ధాంత గ్రంథాల్లో ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. జపాన్‌లో 'కవాయీ', అంటే ముద్దుదనం, ఒక ధిక్కారంగా కూడా బతికింది. 1970లలో స్కూలు ఆడపిల్లలు గుండ్రటి అక్షరాలతో, మధ్యలో పూలూ గుండెలూ గీస్తూ రాయడం మొదలుపెడితే కొన్ని బడులు ఆ చేతిరాతని నిషేధించాయి. భార్యలుగా, తల్లులుగా, ఆఫీసుల్లో టీ అందించేవాళ్ళుగా పెద్దయ్యే బదులు పెద్దవ్వడాన్నే వాయిదా వేసుకునే పద్ధతి అదని షారన్ కిన్సెల్లా వంటి పరిశోధకులు రాశారు. తర్వాత మార్కెట్టూ ప్రభుత్వమూ దాన్ని చక్కగా మడతపెట్టి ఎగుమతి పెట్టెలో సర్దాయి. 2009లో జపాన్ విదేశాంగ శాఖ ముగ్గురు యువతుల్ని 'కవాయీ రాయబారులు'గా నియమించింది. అందులో ఒకరు ప్రదర్శించాల్సింది స్కూలు యూనిఫాం. బడి నిషేధించిన ముద్దుదనం చివరికి బడి దుస్తుల్లోనే దేశానికి ప్రతినిధి అయింది.

ఒక రాత్రి నా పక్క గది అమ్మాయి వీడియో కోసం నాలుగు మాటలు చెబుతోంది. అందులో విభక్తి ప్రత్యయం తప్పు పడింది. పగలు నాతో మాట్లాడేటప్పుడు అదే ప్రత్యయం ఎప్పుడూ తప్పు పెట్టదు. మళ్ళీ తీద్దామా అని అడిగాను. నవ్వింది. "కావాలనే వదిలాను. సరిగ్గా మాట్లాడిన వీడియోలకి ఇన్ని వ్యాఖ్యలు రావు. ఈ తప్పుంటేనే వాళ్ళకి దిద్దే సంతోషం," అంది. అప్పటికి ఆమె భాషా పరీక్షలో పై నుంచి రెండో మెట్టు దాటింది. ఆ మెట్టు ఎక్కడానికి ఎన్ని రాత్రులు నిద్ర మానుకుందో నేను చూశాను. వచ్చిన భాషని దాచుకోవడానికి ఇంకొంత కష్టపడుతోందని ఆ రాత్రే చూశాను.

దానికి నేను ఆశ్చర్యపోలేదు, ఎందుకంటే అదే ఏడాది నాకూ ఇలాంటిదే ఎదురైంది. జపాన్‌లో విదేశీయులు ఒక్క ముక్క జపనీస్ మాట్లాడితే చాలు, 'మీ భాష ఎంత బాగుందో' అని పొగుడుతారు. మొదటి మూడు నెలలూ నమస్కారం చెప్పినందుకే నాకు ఆ పొగడ్త దొరికింది. పదో నెలలో ఒక సెమినార్లో, ఒక స్త్రీ డైరీని ఒక పెద్దాయన విశ్లేషించిన పద్ధతి మీద అభ్యంతరం చెప్పాను. డైరీ రాసిన మనిషిని ఆయన ఒక నమూనాగా చూస్తున్నారని, ఆమె వాదనని వాదనగా చదవడం లేదని అన్నాను. రాసుకుని, సరిచూసుకుని, తప్పు లేకుండా అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన నా వాదన గురించి ఏమీ అనకుండా, "మొదట్లో మీ జపనీస్‌లో ఒక సున్నితత్వం ఉండేది," అన్నారు. ఆ రోజు నుంచి నా భాషని ఎవరూ పొగడలేదు. నా భాష నిజంగా బాగుపడిందనడానికి అంతకన్నా రుజువేముంటుంది!

ఇదంతా ఏదో జపాన్ వాళ్ళ విచిత్రం అనుకోనక్కర్లేదు. మన సినిమా వేడుకల్లో ముంబై నుంచి వచ్చిన కథానాయిక మైకు పుచ్చుకుని "అందరికీ నమస్కారం, బాగున్నారా" అనగానే హాలంతా ఈలలు. ఆ రెండు ముక్కలూ వంకరగా పలికితే ఇంకా ఎక్కువ ఈలలు. తెర మీద ఆమె పెదాలకి ఇంకొకామె గొంతు అతికిస్తారు. 2010లో వచ్చిన 'ఏ మాయ చేసావే'లో సమంత ముఖానికి చిన్మయి గొంతు అలా అతికిందే. ఎన్నేళ్ళు ఆ గొంతుని ప్రేమించినా ఆ గొంతు మనిషిని చాలామంది గుర్తించలేదు. తెలుగు స్పష్టంగా వచ్చిన తెలుగు పిల్లకి మాత్రం తెలుగు సినిమాలో కథానాయిక వేషం దొరకడమే కష్టం. ముఖం ఒకచోట, మాట ఒకచోట, మనిషి ఇంకొకచోట ఉండటం మనకి బాగా అలవాటైన ఏర్పాటే.

మరి లోటు తీరితే ఏమవుతుంది? దీనికి జపాన్‌లోనే ఇంటర్నెట్‌కి ముందటి చరిత్ర ఒకటుంది. హాంకాంగ్‌లో పుట్టిన ఆగ్నెస్ చాన్ 1972లో జపాన్‌లో పాట పాడి పెద్ద ఐడల్ అయింది. ఆమె సన్నటి గొంతు, తడబడే జపనీస్ ఇంటింటికీ ముద్దొచ్చాయి. తర్వాత ఆమె కెనడా వెళ్ళి చదువుకుంది, తిరిగొచ్చి పనిచేసింది, పెళ్ళి చేసుకుంది, 1986లో తల్లయింది. 1987లో పసిబిడ్డని వెంటపెట్టుకుని టీవీ స్టూడియోకి పనికి వచ్చింది. దాని మీద దేశమంతా విరుచుకుపడింది. పని చోటికి బిడ్డనెలా తెస్తారు, పెద్దవాళ్ళ లోకంలో ఈ పిల్లచేష్టలేమిటి అని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. విమర్శించిన వాళ్ళలో హయాషి మారికో వంటి పేరున్న రచయిత్రులున్నారు. 1988లో స్త్రీవాద సామాజికశాస్త్రవేత్త ఉయెనో చిజుకో ఆగ్నెస్ పక్షాన నిలబడి రాసింది. పనిచేసే తల్లికి వెనక బిడ్డ ఉంటాడన్న సంగతిని ఆగ్నెస్ అందరి కళ్ళ ముందుకీ తెచ్చిందన్నది ఆమె వాదన సారాంశం. 'ఆగ్నెస్ వివాదం' అన్న మాట ఆ కాలపు నిఘంటువులోకే ఎక్కింది. ఆగ్నెస్ అమెరికా వెళ్ళి 1994లో స్టాన్‌ఫర్డ్‌లో విద్యాశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుంది.

ఈ వివాదాన్ని సాధారణంగా ఉద్యోగం, మాతృత్వం అన్న చట్రంలో చదువుతాం. అది సరైనదే. కానీ అందులో ఇంకొక పొర ఉందని నాకనిపిస్తుంది. వచ్చీరాని మాటలతో అందరికీ చెల్లెలిగా ఉన్న విదేశీ పిల్ల పూర్తి వాక్యాలతో ఒక హక్కు అడిగింది. ఆమె భాష పెరిగిందని సంతోషించాల్సిన చోట, ఆమెకి కృతజ్ఞత లేదన్న కోపం వచ్చింది. ప్రేమించినవాళ్ళకి ప్రేమించబడ్డ పిల్ల జీవితాంతం బాకీ అన్న లెక్క అది.

ఈ లెక్క జపాన్ పిల్లల దగ్గర ఇంకా కఠినంగా వసూలవుతుంది. 2013లో ఏకేబీ48లో ఇరవయ్యేళ్ళ మినేగిషి మినామి ఒక యువకుడి ఇంట్లో రాత్రి గడిపిందని ఒక వారపత్రిక రాస్తే, ఆమె గుండు చేయించుకుని ఏడుస్తూ క్షమాపణ చెప్పిన వీడియోని బృందం వాళ్ళే విడుదల చేశారు. 2018 డిసెంబరులో ఎన్‌జీటీ48 బృందంలోని యమగుచి మహో మీద ఇంటి గుమ్మంలో ఇద్దరు మగవాళ్ళు దాడి చేశారు. మరుసటి నెల ఆమే ఆ సంగతి బయటపెట్టాల్సి వచ్చింది. 'అందరికీ ఇబ్బంది కలిగించినందుకు' వేదిక మీద ఆమే క్షమాపణ చెప్పింది. 2015లో టోక్యోలో ఒక కోర్టు, ప్రేమించకూడదన్న ఒప్పందాన్ని మీరినందుకు పదిహేడేళ్ళ మాజీ ఐడల్ కంపెనీకి ఆరున్నర లక్షల యెన్‌లు కట్టాలని తీర్పిచ్చింది. 2016 జనవరిలో అదే ఊళ్ళో ఇంకొక తీర్పు, ప్రేమ మనిషి సుఖాన్వేషణలో భాగం, దాన్ని నష్టపరిహారంతో అణచలేమంది. రెండు తీర్పుల మధ్య గడిచింది కొద్ది నెలలే. ఐడల్స్ బతికేది ఆ సన్నటి సందులోనే.

2016 మే నెలలో టోక్యో శివార్లలో ఒక యువ గాయనిని ఆమె అభిమానే ప్రదర్శనకి ముందు కత్తితో పొడిచాడు. అతను ట్విట్టర్లో వెంటపడుతున్నాడని ఆమె అంతకు ముందే పోలీసులకి చెప్పుకుంది. అప్పటి వెంటపడే వేధింపుల చట్టంలో సోషల్ మీడియా సందేశాల ప్రస్తావన లేదు. ఆ ఏడాది డిసెంబరులో చట్టం సవరించారు. ఆమె పొడిపించుకున్నాక.

ఇప్పుడు వేదిక మారింది. ముఖమే అక్కర్లేని ఐడల్స్ వచ్చారు. 2016 చివర్లో కిజునా ఐ అనే బొమ్మ పిల్ల తనని తాను 'వర్చువల్ యూట్యూబర్' అని పరిచయం చేసుకుంది. తెర మీద యానిమే బొమ్మ, వెనక ఒక మనిషి కదలికలు, ఒక మనిషి గొంతు. ఆ వెనక మనిషిని జపనీస్‌లో 'లోపలి మనిషి' అంటారు. ఎక్కడో తన దేశంలో తన గదిలో కూర్చునే జపనీస్ తరహా ఐడల్ అయ్యే దారి దీనితో విదేశీ అభిమానులకి దొరికింది. 2020 సెప్టెంబరులో జపాన్ కంపెనీ హొలోలైవ్ ఇంగ్లీషు శాఖ మొదలుపెట్టి అయిదుగురిని పరిచయం చేసింది. అందులో సొరచేప పిల్ల వేషంలోని గావర్ గురాకి నలభై లక్షలు దాటి చందాదారులు వచ్చారు. మన దేశానికీ ఈ గాలి తగిలింది. 2020లో నిజిసాంజి అనే జపాన్ సంస్థ భారతీయ శాఖ పెట్టి ముగ్గురు బొమ్మ కళాకారులని దింపింది. 2021లో ఆ శాఖ కథ ముగిసింది.

ఐడల్ లోకంలో వెళ్ళిపోవడాన్ని 'పట్టా పుచ్చుకోవడం' అంటారు, బడి వదిలినట్టు. గావర్ గురా 2025 మే 1న అలా పట్టా పుచ్చుకుంది. మామూలు ఐడల్ వెళ్ళిపోతే ఆమె ముఖం ఆమె వెంట వెళ్తుంది. కంపెనీ బొమ్మ వెనక ఉన్న మనిషి వెళ్ళిపోతే పేరు, రూపం, ఆ పేరు మీద పోగైన అభిమానం, అన్నీ కంపెనీ దగ్గరే ఉండిపోతాయి. ఆ పని చేసింది తనేనని బయట గట్టిగా చెప్పుకోవడానికి కూడా ఉండదు. తిట్లు మాత్రం బొమ్మని దాటుకుని మనిషికే తగులుతాయి. ఒసాకా జిల్లా కోర్టు 2022లో ఈ మాటే చెప్పింది. బొమ్మ పేరుతో రాసిన అవమానం లోపలి మనిషికి జరిగిన అవమానమేనంది. అవమానం ఆమెదని కోర్టు ఒప్పుకుంది. అభిమానం కూడా ఆమెదేనని రాసిచ్చే ఒప్పందాలు రావాలి.

వీటన్నిటి గురించీ పైకి మాట్లాడాల్సిన అవసరం నాకు ఇంట్లోనే వచ్చింది. విజయవాడలో మా అక్క కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం. పదహారేళ్ళు. తనూ అలాంటి బొమ్మ ఐడల్ అవుతానని, దానికి జపనీస్ నేర్పమని నన్నడిగింది. అక్క ఫోన్ చేసి, "నువ్వే ఆ దేశం వెళ్ళొచ్చి దీనికి పిచ్చెక్కించావు, నువ్వే దించు," అంది. సంక్రాంతి సెలవుల్లో డాబా మీద కూర్చుని అడిగాను.

"డాన్సు వీడియో పెడితే మా క్లాసు మగపిల్లలు దాన్ని గ్రూపులో వేసి ఏం రాశారో తెలుసా పిన్నీ? లైటు వేసుకుని ఆడమన్నారు. నల్లగా ఉన్నానని. బొమ్మ వెనక ఉంటే నా రంగు ఎవరికీ కనపడదు. బాగా ఆడితే బాగా ఆడానంటారు, అంతే."

"ఆ బొమ్మ ఏ రంగులో ఉంటుంది?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "తెల్లగానే. అన్నీ తెల్లగానే ఉంటాయి," అంది. మళ్ళీ తనే, "అది నా తప్పా?" అంది.

దాని తప్పు కాదని చెప్పాను. జపాన్‌లోనూ ఈ రంగు తగాదా తీరలేదని చెప్పాను. 2015లో నల్లజాతి తండ్రి ఉన్న అరియానా మియమొతో, 2016లో భారతీయ తండ్రి ఉన్న ప్రియాంకా యొషికావా అక్కడి అందాల పోటీల్లో గెలిస్తే, 'వీళ్ళు అసలు జపనీయులేనా' అని నలుగురూ అడిగారని చెప్పాను. జపాన్‌లో పుట్టి, జపనీసే మాతృభాషగా పెరిగిన వాళ్ళు. వాళ్ళ మాటలో లోటేమీ లేదు, అందువల్ల ముద్దూ దొరకలేదు.

మానెయ్యమని మాత్రం చెప్పలేదు. మానెయ్యమనే వాళ్ళు దానికి నాలుగు వైపులా ఉన్నారు. జపనీస్ నేర్పుతానన్నాను, నేర్పుతున్నాను కూడా. మూడు ప్రశ్నలు మాత్రం రాయించాను, ఏ కంపెనీ పిలిచినా ముందు అడగడానికి. ఆ పేరు, ఆ రూపం ఎవరివి? నేను వెళ్ళిపోతే ఏది నా వెంట వస్తుంది? ఎవరైనా వెంటపడితే కేసు పెట్టాల్సింది నేనా, మీరా? ఆ పిల్ల చదివి, నాలుగో ప్రశ్న తనే రాసుకుంది. 'నాకు ఇరవై అయిదేళ్ళు వస్తే ఏం చేస్తారు?'

ఆ నాలుగో ప్రశ్న నాకు తట్టలేదు. ఆగ్నెస్ వివాదం మీద అన్ని వ్యాసాలు చదివినదాన్ని, నాకు తట్టలేదు. దానికి తట్టింది.

మనం సాధారణంగా ఇలాంటి పిల్లల గురించి రెండు రకాలుగా మాట్లాడుతుంటాం. ఒకటి, సామ్రాజ్యవాద సంస్కృతి మాయలో పడ్డారని నిట్టూర్చడం. రెండు, తమ శరీరం మీద తమ నిర్ణయం అని చప్పట్లు కొట్టడం. ఈ రెంటిలోనూ ఆ పిల్ల చేసే పని మన కంటికి ఆనదు. బట్టలుతికే గదిలో రాత్రి పదకొండు గంటలకి జరిగేది శ్రమ. నేర్చిన భాషని దాచడం అంతకన్నా పెద్ద శ్రమ. దానికి జీతం రేటు ఎవరూ కట్టలేదు. శ్రమ అని ఒప్పుకుంటే అప్పుడు మాట్లాడాల్సినవి వేరే ఉంటాయి: ఒప్పందం, పని గంటలు, పేరు మీద హక్కు, వేధింపుల చట్టం, తల్లయితే సెలవు. ఇవి మనకి కొత్తవి కావు. బీడీ కార్మికులకీ, అంగన్వాడీ టీచర్లకీ మనం అడుగుతూ వచ్చినవే.

నా పక్క గది అమ్మాయి జకార్తా వెళ్ళిపోయింది. ఇప్పుడక్కడ జపనీస్ భాష నేర్పుతోంది. వీడియోలు పెడుతూనే ఉంది కానీ, ప్రత్యయాల తప్పులు లేవు. చూసేవాళ్ళు బాగా తగ్గారని, ఉన్నవాళ్ళు ఎక్కువగా ఆడపిల్లలేనని, డాన్సు గురించి అడగాల్సిన ప్రశ్నలు అడుగుతున్నారని ఈమధ్య రాసింది. ఆ ఉత్తరం జపనీస్‌లో రాసింది. పొడుగు వాక్యాలు, కాస్త కరుకుగా ఉన్నాయి. మా అక్క కూతురికి చదివి వినిపించాను. అర్థం కాని చోట రెండుసార్లు ఆపి, తర్వాత నోట్సులో రాసుకుంది.